పీత కష్టాలు పీతవి

సీత కష్టాలు సీతవి, పీత కష్టాలు పీతవి అని మనకొక సామెత ఉన్నది. బడిలో తెలుగు చెప్పిన ముప్పైనాలుగేళ్లలో దీనిని సొంతవాక్యంలో ప్రయోగించండని ప్రశ్నపత్రంలో ఎన్నిమార్లు ఇచ్చానో లెక్కలేదు. పిల్లలందరూ సీత కష్టాలే వ్రాసేవారు. పీతకేమి కష్టాలుంటాయో ఒక్కరూ వ్రాయలేదు. వ్రాయమని నేనూ అడగలేదు. ప్రాస కోసం వచ్చి కూర్చున్న పీత అనుకునేవాణ్ణి. అరవై ఆరో ఏట, న్యూజెర్సీలో మా అమ్మాయి ఇంట, నిజమైన పీత పడిన నిజమైన కష్టం చూశాను. పళ్లెంలో నీళ్లున్నాయి, పక్కన తిండి ఉన్నది. గాలిలో తేమ లేదు.

2023 ఆగస్టులో అక్కడికి వెళ్లిన పదిరోజులకు సముద్రతీరానికి తీసుకువెళ్లారు. అక్కడ తీరం వెంబడి చెక్కలు పరచిన పొడవాటి బాట, దానికిరువైపులా మన తిరునాళ్లను తలపించే అంగళ్లు. ఒక అంగట్లో తీగెల బోనులు వేలాడదీసి ఉన్నాయి. లోపల ఎరుపు, నీలం రంగులు పూసిన నత్తగుల్లలు మోసుకుంటూ పీతలు ఆ తీగెలను పట్టుకుని ఎగబాకుతున్నాయి. పీత ఉచితమట, బోనుకూ గుల్లకూ మాత్రం వెల ఇవ్వాలట! మా మనుమడికి తొమ్మిదేళ్లు. పెద్దదొకటి, చిన్నదొకటి కొనిపించాడు. అంగడివాడు ఒక స్పాంజి ముక్క చేతిలో పెట్టి, రోజూ దీనిని తడిపి బోనులో ఉంచండి, పైన నాలుగు చుక్కలు చిలకరించండి, అంతే, అన్నాడు.

నా అభిప్రాయం దాచుకోకుండా ముందే చెబుతాను. ఆ స్పాంజి ముక్క ఒక అబద్ధం. తెలిసి చెప్పినా తెలియక చెప్పినా అబద్ధమే. దానివల్ల ఒక ప్రాణి మూడు నెలలు ఊపిరాడక చస్తుంది, కొన్న పిల్లవాడు తన చేతిలోనే లోపమున్నదని ఏడుస్తాడు.

ముందు ఈ జీవి సంగతి. ఇంగ్లీషువారు హెర్మిట్ క్రాబ్ అంటారు. సన్యాసిపీత అని తెలుగు చేయవచ్చు గాని నా మనసొప్పదు. సన్యాసి ఇల్లు విడిచి పోతాడు. ఇది ఇల్లు వీపున వేసుకుని తిరుగుతుంది, పైగా పక్కవాడి ఇల్లు కాస్త విశాలంగా కనబడితే దానిమీద కన్నువేస్తుంది. వెనుకభాగం మెత్తన, దానికి సొంత పెంకు లేదు. అందుకని చచ్చిన నత్తల గుల్లల్లో దూరి బతుకుతుంది. 1829లో లాత్రేయ్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు నేలమీద బతికే ఈ జాతికి సీనోబిటా అని పేరు పెట్టాడు. ఆ లాటిన్ మాటకు మఠంలో పదిమందితో కలిసి ఉండే సన్యాసి అని అర్థం. గుంపులుగా తిరిగే జీవికి ఆ పేరే తగినది. మా ఇంట్లో మేము గుల్లపీత అన్నాము. ఇక్కడా అట్లాగే వ్రాస్తాను.

విశాఖ, భీమిలి వైపు రాళ్ల మధ్య నీటిగుంటల్లో చిన్న చిన్న గుల్లలు వాటంతట అవి నడుస్తూ కనిపిస్తాయి. అవి దీని జ్ఞాతులే, అయితే నీటిలో బతికేవి. అమెరికాలో ఎక్కువగా అమ్మేది కరీబియన్ దీవుల నేలపీత. ఎడమవైపు పెద్ద డెక్క ఊదారంగులో ఉంటుంది. పుట్టడం సముద్రంలో, పెరిగాక బతుకంతా ఒడ్డున. మొప్పలు మాత్రం మిగిలాయి. చేప నీటినుంచి ప్రాణవాయువు తీసుకుంటే ఇది గాలినుంచి తీసుకుంటుంది. అయితే ఆ మొప్పలు తడిగా ఉన్నంతవరకే ఆ పని జరుగుతుంది. గుల్లలో కాసిని నీళ్లు ఎప్పుడూ మోసుకు తిరగడం అందుకే. గాలి పొడిబారితే మొప్పలు ఎండుతాయి. నీటి పళ్లెం పక్కనే ఉన్నా, ఒడ్డున పడిన చేప గతే. తేడా ఒక్కటే: చేపకు నిమిషాలు, దీనికి వారాలు.

ఇక్కడ నా వృత్తికి సంబంధించిన మాటొకటి చెప్పుకోనివ్వండి. మన భాషలో తడి, చెమ్మ, తేమ అని మూడు మాటలున్నాయి. నిఘంటువులు పర్యాయపదాలని పక్కపక్కన చేరిస్తే చేర్చవచ్చు గాని మా అమ్మ ఏనాడూ ఒకదాని చోట మరొకటి వాడలేదు. ఉతికిన గుడ్డ తడి. వానాకాలపు గోడకు చెమ్మ. గాలికి తేమ. గుల్లపీతకు మూడూ కావాలి, మూడూ వేరువేరు చోట్ల కావాలి. పళ్లెంలో తడి, కాళ్లకింద ఇసుకలో చెమ్మ, పీల్చే గాలిలో తేమ. అంగడివాడి స్పాంజి మొదటిదాన్ని ఇచ్చి మూడోదాన్ని ఇచ్చినట్లు భ్రమింపజేస్తుంది. నాలుగువైపులా తెరిచిన తీగెబోనులో స్పాంజి పెట్టడం పెరట్లో చెంబెడు నీళ్లు పోసి ఊరికి వాన కురిసిందనడంలాంటిది. పైగా ఆ స్పాంజి రెండుమూడు రోజులకే సూక్ష్మజీవులకు ఆటపట్టవుతుంది.

ఆగస్టు, సెప్టెంబరు నెలలు ఎట్లాగో గడిచాయి. అప్పుడు బయటి గాలిలోనే తేమ ఉన్నది. అక్టోబరులో ఇల్లు వేడిచేసే యంత్రం నడవడం మొదలైంది. నా పెదవులు పగిలాయి, మెట్ల కమ్మీ ముట్టుకుంటే చిటపటమని నిప్పురవ్వలు. పెద్దపీత కదలడం తగ్గించింది. నిద్ర అనుకున్నాం. నవంబరు మొదటివారంలో ఒకనాటి పొద్దున గుల్లలోంచి సగం బయటికి వచ్చి, డెక్కలు వాల్చి పడి ఉన్నది. సాయంత్రానికి చేపలబజారు వాసన. పిల్లవాడు తన స్పాంజి తడపని రోజులు వేళ్లమీద లెక్కపెట్టి, "రెండు రోజులే తాతయ్యా మర్చిపోయింది" అన్నాడు. వాడికేమి చెప్పను?

మా అల్లుడుగారు ఇంజనీరు. ఆ రాత్రి కూర్చుని చదివి, నాకొక లెక్క చెప్పారు. వినగానే పదోతరగతి సైన్సు మేష్టారి పక్కగదిలో అన్నేళ్లుండి ఈ మాత్రం ఎందుకు తెలుసుకోలేదా అనిపించింది. గాలిని గిన్నె అనుకోండి. చల్లగాలి చిన్న గిన్నె, వేడిగాలి పెద్ద గిన్నె. 0 డిగ్రీల దగ్గర ఒక ఘనపుమీటరు గాలి పట్టగలిగిన నీటి ఆవిరి 5 గ్రాములకు లోపు. అదే గాలిని ఇంట్లోకి తెచ్చి 21 డిగ్రీలకు వేడిచేస్తే గిన్నె 18 గ్రాములు పట్టేంత పెద్దదవుతుంది. లోపలి సరుకు మాత్రం ఆ 5 గ్రాములే. బయట నూటికి నూరుపాళ్లు నిండిన గాలి ఇంట్లో పావువంతు గిన్నె. సాపేక్ష ఆర్ద్రత అని పుస్తకాల్లో వ్రాసేది దీన్నే. గుల్లపీతకు ఆ గిన్నె నూటికి 75 నుంచి 85 పాళ్లు నిండి ఉండాలి, వెచ్చదనం 24 నుంచి 29 డిగ్రీలు ఉండాలి. మా వంటగదిలో ముల్లు 31 చూపింది. కరీబియన్ తీరాన్ని విడిచి వచ్చిన ప్రాణిని థార్ ఎడారిలో పెట్టి స్పాంజి చేతికిచ్చామన్నమాట.

మిగిలిన చిన్నదాని కోసం గాజుతొట్టి వచ్చింది. పైన గాజుమూత. వెనుకగోడకు వెలుపల, ఇసుక మట్టానికి పైన, వేడినిచ్చే పట్టీ అంటించారు. కింద అంటిస్తే ఇసుకలో దిగిన పీత పెనంమీది అట్టవుతుంది. ఐదుపాళ్లు ఇసుక, ఒకపాలు కొబ్బరిపొట్టు కలిపి జానెడు లోతు పోయాలి. కొబ్బరిపొట్టు ఇటుక ఆకారంలో వచ్చింది. అట్టమీద శ్రీలంక అని చూసి కోనసీమవాళ్లకు ఈ బేరం తప్పిపోయిందే అనుకున్నాను. ఇసుకలో ఎంత నీళ్లు కలపాలన్నదానికి అల్లుడుగారు కొలతలు వెదుకుతూ ఉంటే నేను పిడికెడు తీసి చూపించాను. చిన్నప్పుడు పాదంమీద పిచ్చుకగూళ్లు కట్టుకున్న ఇసుక గుర్తున్నది కదా? పాదం తీసేస్తే గూడు నిలబడాలి, నొక్కితే వేళ్లసందున నీరు కారకూడదు. అంతే. కుళాయినీటిలోని క్లోరిన్ విరిచిన తరువాతే ఆ నీళ్లు వాడాలి. రెండు పళ్లాలు: ఒకదాంట్లో మంచినీరు, రెండోదాంట్లో సముద్రపు ఉప్పు కలిపిన నీరు. వంటింటి ఉప్పు పనికిరాదు.

వంటింటి ఉప్పుకు మరోచోట కొలువు దొరికింది. ఇది చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. తేమ చూపే మీటర్లు రెండు కొన్నారు. ఒకటి ముల్లున్న గడియారంలాంటిది, మరొకటి అంకెలు చూపేది. పక్కపక్కన పెడితే ఒకటి 62 అన్నది, మరొకటి 79 అన్నది. ఏది సత్యవాది? సీసామూతలో ఉప్పు పోసి, నీళ్లు కారకుండా తడిపి ముద్దచేసి, మీటరుతో కలిపి గాలిచొరని సంచిలో రాత్రంతా ఉంచాలి. ఆ సంచిలోని గాలి 75 దగ్గర నిలుస్తుంది. ఉప్పు గుణం అది. మీటరు ఎంత తప్పు చూపిందో తెల్లారి తెలిసిపోతుంది. మా ముల్లు గడియారం 60 దగ్గర కూర్చున్నది, అంకెలది 77. ముల్లును పంపించివేసి, రెండో మీటరులో రెండు తీసివేయడం అలవాటు చేసుకున్నాం.

నాకు వెంటనే మా బందరు వైపు ఇంటి ఉప్పుజాడీ కళ్లముందు నిలిచింది. శ్రావణ భాద్రపదాల్లో దాని మూతతీస్తే లోపల ఉప్పు చెమర్చి నీరు కారుతూ ఉండేది. గాలిలో తేమ 75 దాటితే ఉప్పు తనంత తాను చెమ్మగిల్లుతుంది. గుల్లపీతకు ఊపిరాడే హద్దు కూడా ఇంచుమించు అదే. కాకతాళీయమే కావచ్చు. కాని ఏ మీటరూ లేనివాడికి కూడా అర్థమయ్యే కొలత ఇంతకంటె మరొకటి నాకు తోచదు: ఉప్పు చెమర్చే గాలి ఈ పీతకు ఊపిరి, ఉప్పు పొడిగా రాలే గాలి దీనికి ఉరి.

అతిప్రేమ ప్రమాదం కూడా ఉన్నది. నవంబరు చివర మా మనుమడు, ఒకదాన్ని ఎండబెట్టి చంపామన్న బాధతో, రెండోదానికి రోజూ గ్లాసెడు నీళ్లు ఇసుకలో పోశాడు, ఎవరికీ చెప్పకుండా. మీటరు 90 దాటింది. గాజులోంచి చూస్తే అడుగున నీరు నిలిచి ఇసుక నల్లబడింది. మూతతీస్తే కుళ్లిన కోడిగుడ్ల కంపు. మొత్తం తోడిపోసి మళ్లీ కలపవలసివచ్చింది. అదృష్టవశాత్తు పీత అప్పటికింకా పైనే ఉన్నది.

డిసెంబరు రెండోవారంలో అది ఇసుకలోకి దిగింది. కుబుసం విడవడానికి. రొయ్యల చెరువులున్న ఊళ్లవారికి ఈ సంగతి కొత్తగాదు: పెంకు పెరగదు, లోపలి ప్రాణి పెరుగుతుంది, కనుక పాతపెంకు విడిచి కొత్తది గట్టిపడేదాకా ఎవరికంటా పడకుండా ఉండాలి. గుల్లపీత ఇసుకలో చిన్న గుహ చేసుకుని, పాతపెంకును కూడా అక్కడే తిని, బలం కూడాక పైకి వస్తుంది. చిన్నవాటికి కొన్ని వారాలు, పెద్దవాటికి రెండు నెలలు, ఇంకా పైన కూడా. అన్నాళ్లూ దాని పైకప్పును నిలబెట్టేది ఇసుకలోని చెమ్మ. ఇసుక ఎండితే గుహ కూలుతుంది.

ఇక నా నేరం. నా బతుకంతా చెమ్మతో వైరం. ఇంట్లో మా తాతగారి తాళపత్రాలు నాలుగు కట్టలు, బీరువానిండా పాతపుస్తకాలు. వానలు వెనుకబట్టగానే వాటిని నీరెండలో పరచడం, ఆవకాయజాడీకి వాసెనగట్టడం, అప్పడాల డబ్బా మూత బిగించడం, ఇదే నాకు తెలిసిన గృహధర్మం. చెమ్మ అంటే బూజు, చెద, నష్టం. డిసెంబరు చలిలో ఆ తొట్టి గాజు లోపలివైపు నీటిబిందువులు పట్టి కారుతూ ఉంటే నాకు ప్రాణం కొట్టుకుపోయేది. పాపం లోపల ఉక్కపోస్తున్నదనిపించింది. రాత్రి అందరూ పడుకున్నాక మూతకింద ఒక పెన్సిలు పెట్టి, కాస్త గాలి ఆడనిచ్చి, తెల్లవారుఝామున తీసేవాణ్ణి. పదిరోజులు. పుణ్యం చేస్తున్నాననుకున్నాను.

ఆ బిందువులకు కారణం అతితేమ కానేకాదు. తొట్టి కిటికీ పక్కన ఉన్నది, ఆ వైపు గాజు చల్లబడింది. చల్లటి నీళ్లచెంబుకు వెలుపల చెమట పట్టినట్టే. కన్ను చూసి తీర్పు చెప్పింది, మీటరును అడగలేదు. పదో రోజున పిల్లవాడు బడినుంచి వచ్చి, "తాతయ్యా, 58 ఉంది!" అని కేకపెట్టాడు. ఇసుక పైపొర బెల్లంపొడిలా రాలుతున్నది. అమ్మాయి మూతమీద పెన్సిలు గీత చూసి నావైపు తిరిగింది. "నాన్నగారూ, మీరేనా?" అన్నది. నేనే అన్నాను. అంగడివాణ్ణి ఎంతగా తిట్టానో ఆ తిట్లన్నీ నాకు తిరిగివచ్చి తగిలాయి. వాడు స్పాంజిని నమ్మాడు, నేను పెన్సిలును నమ్మాను. పీతను ఇద్దరమూ అడగలేదు.

తవ్విచూద్దామని అమ్మాయి అన్నది. వద్దన్నాను. వద్దనడానికి నాకర్హత లేకపోయినా అన్నాను. పెంకు గట్టిపడని పీతను కదిలిస్తే అదే దానికి చావు. చచ్చిందో బతికిందో చెప్పేది వాసన ఒక్కటే: చస్తే కుళ్లుకంపు ఇసుకను దాటి వస్తుంది, బతికుంటే తడిమట్టి వాసన. పీత దిగినచోటుకు దూరంగా, గాజు అంచుల వెంబడి, చెమ్చాతో కొద్దికొద్దిగా నీరు వదిలాము. మూతసందులకు వంటింట్లో గిన్నెలపై కప్పే ప్లాస్టిక్ పొర అతికించాము. మూడు రోజులకు మీటరు మళ్లీ 80కి వచ్చింది. ఆ తరువాత చేయవలసిందేమీ లేదు. అదే అన్నిటికంటె కష్టమైన పని. రోజూ పొద్దున్నే వెళ్లి ముక్కు పెట్టి వాసన చూడటం, తిరిగిరావడం.

ఒక పీతకింత రాద్ధాంతమా, మన ఊళ్లో పులుసు పెట్టుకోవడం లేదా అని మీలో ఒకరైనా అంటారని తెలుసు. తినడానికి చంపిన పీతకు గడియసేపు బాధ. బొమ్మగా అమ్మిన పీతకు నెలల తరబడి ఊపిరాడని బాధ. ఆకలి తీరిందన్న సమాధానం కూడా అక్కడ లేదు. ముప్పై ఏళ్లకు పైగా బతకగల జీవి ఇది. అంగళ్లలోకి వచ్చేవి దాదాపు అన్నీ తీరాల్లో పట్టితెచ్చినవే. పిల్లలు సముద్రంలోనే పెరగాలి గనుక ఇంట్లో ఈనించి పెంచడం బహు అరుదు. అందుచేత కొనవద్దనే నేనంటాను. ఉచితమన్నా తీసుకోవద్దు. తీగెబోనులో ఈ జీవిని అమ్మడమే తప్పని అంటాను. గాజుతొట్టీ, మూతా, మీటరూ కొననివాడికి పీతను ఇవ్వకూడదు.

అయితే, పెంచడమే పాపం, తీసుకుపోయి సముద్రంలో వదిలేయండి అనే కరుణామయులతో కూడా నాకు పేచీ ఉన్నది. న్యూజెర్సీ సముద్రం దీని సముద్రం కాదు. ఆ చలికి అది మరునాటికి ఉండదు. ఇంటికి వచ్చిందంటే దాని గాలికి మనమే పూచీ. దయ అన్నది మూతతీయడంలో ఉంటుందో మూతవేయడంలో ఉంటుందో ఆ ప్రాణిని బట్టి తెలుసుకోవాలి గాని మనకు ఉక్కపోసిందా లేదా అన్నదాన్నిబట్టి కాదు. నేను ఈ మాట తెలిసి చెబుతున్నాను.

2024 జనవరి చివర నేను తిరుగుప్రయాణమయ్యేనాటికి పీత పైకి రాలేదు. కంపు కూడా రాలేదు. బయలుదేరేముందు ఆఖరుసారి వాసన చూద్దామని వెళితే తొట్టి మూతకు ఒక కాగితం అంటించి ఉన్నది. ఆ ఆరునెలల్లో నేను దిద్దించిన అక్షరాలతో మా మనుమడు వ్రాశాడు: "మూత తియ వద్దు తాతయ్య".

ఫిబ్రవరి రెండోవారంలో ఒక తెల్లవారుఝామున ఫోను మోగింది. తెరమీద ముందు మీటరు కనబడింది, 81. తరువాత కొబ్బరిచిప్ప మీద లేతరంగు కాళ్లు చాపుకుని, మీసాలు ఆడిస్తూ గుల్లపీత. రంగుపూసిన పాతగుల్ల ఇసుకలో ఒక పక్కన పడి ఉన్నది. మామూలు గోధుమరంగు గుల్లలోకి మారింది. ఆ తరువాత ఇప్పటికి మరి రెండుసార్లు ఇసుకలోకి వెళ్లి వచ్చింది. ఫోను చేసినప్పుడల్లా మూతమీది కాగితం ఇంకా ఉన్నదా అని అడుగుతాను. ఉన్నదంటాడు. "తియ"లో దీర్ఘం లోపించిన సంగతి వాడికి నేనింతవరకు చెప్పలేదు.